మన అగ్రికల్చర్ కాలేజీ మాస్టార్లకు, సిబ్బందికి సన్మానం: ఎవరిని పిలుద్దాం, ఎలా చేద్దాం?

వరికంకి (ఆదివారం, ఉదయం 6:40)

అందరికీ నమస్కారం. నాది అత్తిలి పక్కన పల్లె. తొంభైల మొదట్లో బాపట్ల అగ్రికల్చర్ కాలేజీలో బీఎస్సీ ఏజీ చదివాను. అప్పటికి రాజమండ్రిలో కాలేజీ లేదు, అది 2008లో వచ్చింది. మన గోదావరి పిల్లల్లో ఎక్కువమంది బాపట్ల రైలెక్కేవాళ్ళం. 1945లో పెట్టిన కాలేజీ అది. మా ఊళ్ళో మా నాన్న వయసువాళ్ళు కూడా అక్కడే చదివారు.

వచ్చే సంక్రాంతికి తణుకులో ఒక సభ పెట్టి, మాకు చదువు చెప్పినవాళ్ళను సన్మానించాలని నాలుగైదు బ్యాచ్‌ల వాళ్ళం అనుకున్నాం. జాబితా రాసే పని నాకు అప్పగించారు. నిన్న రాత్రి కూర్చుని రాస్తే పదకొండు పేర్లు వచ్చాయి. పదకొండు మందీ ప్రొఫెసర్లే. పన్నెండో పేరుగా మా మట్టి ల్యాబ్ అటెండర్ పేరు రాద్దామని పెన్ను పెట్టాను. పేరు తెలియలేదు. నాలుగేళ్ళూ "బాబాయ్" అని పిలిచాను తప్ప, ఇంటిపేరు గానీ అసలు పేరు గానీ ఎప్పుడూ అడగలేదు.

మట్టి నమూనా తీయడం క్లాసులో మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. పొలంలో చేసి చూపించింది బాబాయే. పైనున్న గడ్డీ గాదరా చేత్తో పక్కకు నెట్టి, పారతో వి ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, ఆ గుంట గోడ వెంట పైనుంచి కిందికి ఒకే మందంలో పొర తీసేవాడు. అలా పది పన్నెండు చోట్ల తీసిన మట్టి గోనె మీద పోసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేసి, మళ్ళీ కలిపి, మళ్ళీ నాలుగు చేసి, చివరికి అరకిలో మిగిల్చేవాడు. "గట్టు పక్కన తియ్యకు, చెట్టు కింద తియ్యకు, పెంట పోసిన చోట తియ్యకు. అది పొలం మాట కాదు, ఆ మూల మాట" అనేవాడు. ముప్పై ఏళ్ళుగా నేను రైతులకు ఆ మాటే చెబుతున్నాను.

అందుకే అడుగుతున్నాను. ఎవరిని పిలుద్దాం? ప్రొఫెసర్లు సరే. ల్యాబ్ వాళ్ళు, ఫీల్డ్‌మెన్, టైపిస్టులు, మెస్ వంటవాళ్ళు, వాచ్‌మెన్, లైబ్రరీ వాళ్ళు? మీకు గుర్తున్నవాళ్ళ గురించి రాయండి.

మార్టేరు కాలువ (ఆదివారం, ఉదయం 7:25)

అయ్యా, నేను కాలేజీలో చదవలేదు, రైతుని. అయినా రాస్తున్నాను. మా చేను మార్టేరు వరి రీసెర్చ్ స్టేషన్‌కు దగ్గరే. బడికి వెళ్ళే రోజుల నుంచీ గట్టు మీద నిలబడి వాళ్ళ పని చూసేవాణ్ణి.

కొత్త వంగడం అంటే సైంటిస్టు గారు గుర్తొస్తారు. ఏ రెండు రకాలు కలపాలి, ఎందుకు కలపాలి అని ఏళ్ళ తరబడి బుర్ర పెట్టేది ఆయనే, ఆ గొప్పతనం ఆయనదే. కానీ కలిపే చెయ్యి చాలాసార్లు వేరేవాళ్ళది. సాయంత్రం పూట, ఇంకా విచ్చుకోని వరి కంకి పట్టుకుని, ఒక్కో గింజ కొసను కత్తెరతో కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తుల్ని సన్నటి పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగేవారు. ఒక్కటి మిగిలినా పని పాడే, తన పుప్పొడి తనకే పడిపోతుంది. పుప్పొడిని అందుకునే కీలాగ్రానికి మొన తగిలినా గింజ కట్టదు. అంతా అయ్యాక బటర్ పేపర్ సంచి తొడిగి, అట్టముక్క మీద పెన్సిల్‌తో నంబరు రాసి కట్టేవారు. పెన్సిలే ఎందుకంటే ఇంకు వానకు కరిగిపోతుంది. మర్నాడు పొద్దున్న తొమ్మిది, పది మధ్య, తండ్రి రకం పువ్వు విచ్చుకునే వేళ, ఆ కంకి తెచ్చి సంచిలో దులిపేవారు. ఆ పువ్వు తెరుచుకుని ఉండేది కాసేపే. టీ తాగి వద్దామంటే కుదరదు.

కత్తిరించిన గింజ కాబట్టి కొసన బియ్యం బయటికి కనిపిస్తూ పెరుగుతుంది. అలా కట్టిన గింజలు ఒక కంకికి పదో పాతికో దక్కితే ఆ రోజు వాళ్ళ ముఖాలు చూడాలి.

వరి రకాల పేర్ల ముందుండే ఎంటీయూ అంటే మార్టేరే. 1925లో పెట్టిన స్టేషన్ అది. 1982లో ఎంటీయూ 7029, అదే స్వర్ణ, బయటికొచ్చింది. వశిష్ఠ, మసూరి కలిపితే వచ్చిన రకం. వశిష్ఠ మన గోదారి పాయ పేరే కదా! ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు దశాబ్దాల పాటు అదే పండించుకుని తిన్నారు, బంగ్లాదేశ్ దాకా వెళ్ళింది. తరవాత 1001, తరవాత 1010 కాటన్‌దొర సన్నాలు. ఇవన్నీ ఎవరో ఒకరు నడుం వంచి, కళ్ళు చికిలించుకుని, ఆరేసి తిత్తులు లాగితే మొదలైనవే. వాళ్ళను పిలవని సభకు నేను రానండి.

నిర్వహణ (ఆదివారం, ఉదయం 8:02)

మంచి చర్చ. ఒక్క మనవి. రిటైరైన పెద్దల పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు ఇక్కడ అందరికీ కనిపించేలా పెట్టకండి. పింఛను పేరు చెప్పి పెద్దవాళ్ళకు ఫోన్లు చేసి డబ్బు లాగే మోసాలు ఎక్కువయ్యాయి. మీ దగ్గరున్న వివరాలు వరికంకి గారికి విడిగా పంపండి. ఇక్కడ వాళ్ళ పని గురించి రాయండి, చాలు.

చిన్న ఏఈఓ (ఆదివారం, ఉదయం 9:15)

నేను రాజమండ్రి కాలేజీ. మీ అందరికంటే చిన్నదాన్ని. మా కాలేజీ వయసే తక్కువ, మా మాస్టార్లలో చాలామంది ఇంకా సర్వీసులో ఉన్నారు. అయినా ఒకరి గురించి చెప్పాలి, ఆయన ఈమధ్యే రిటైరయ్యారు.

ఆఖరి సంవత్సరం రావెప్ అని ఉంటుంది. పల్లెలో రైతు దగ్గర ఉండి పని నేర్చుకోవాలి. మా బ్యాచ్‌ను రావులపాలెం వైపు ఒక ఊళ్ళో పెట్టారు. వెళ్ళిన మూడో రోజు ఒక పెద్దాయన మమ్మల్ని పట్టుకుని, "అమ్మా, మీ పుస్తకం ప్రతి రెండు మీటర్లకీ కాలిబాట వదలమంటుంది. నా నేల వదులుకోవాలా? నాకు రెండెకరాలే, అదీ కౌలు" అని గట్టిగా అడిగారు. నాకు ఏడుపొచ్చేసింది. జవాబు తెలుసు, వరిని మాడ్చేసే సుడిదోమ దుబ్బుల మొదళ్ళలో చేరుతుంది, గాలీ వెలుతురూ తగిలితే దాని ఉధృతి తగ్గుతుంది, మందు కొట్టినా మొదలుకి అందుతుంది. తెలిసినా నోరు రాలేదు.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన ఫోన్లో ఏమీ చెప్పలేదు. మర్నాడు తెల్లారేసరికి ఊళ్ళో ఉన్నారు. ప్యాంటు మడిచి చేలో దిగి, ఆ రైతు గారితోనే తాడు పట్టించి, తూర్పు పడమరలుగా ఇరవై సెంటీమీటర్ల బాట ఒక్కటి తీయించారు. "మీ చేనంతా అడగను. ఈ ఒక్క మడి నాకివ్వండి. పంట తగ్గితే తగ్గినంత నేనిస్తాను" అన్నారు. ఆ మాటతో రైతు గారు మెత్తబడ్డారు. ఆ ఏడాది దోమ వచ్చింది. ఆ మడి నిలిచింది, పక్క మడిలో అక్కడక్కడ గుండ్రంగా మాడిపోయింది. తరవాతి సార్వాకు, అంటే ఖరీఫ్ పంటకు, చేనంతా బాటలు తీశారని విన్నాను.

నేనిప్పుడు ఏఈఓని, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని. "మీ మాట వింటే నష్టపోతే ఎవరిస్తారు?" అని అడిగే రైతు రోజూ ఒకరు ఎదురవుతారు. నాకు ఆ రోజు మాస్టారి మోకాళ్ళ దాకా ఉన్న బురద గుర్తొస్తుంది. ఆయన్ని పిలవగలరా? కాలేజీ వేరని కాదనకండి.

కొబ్బరి లంక (ఆదివారం, ఉదయం 11:30)

ఏ కాలేజీ అయినా ఒకటే విశ్వవిద్యాలయం కదమ్మా, మన ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1964లో పుట్టిన ఆ ఒక్క మాను నుంచే కదా ఇవన్నీ కొమ్మలు వేసింది. మన వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా 2007లో అందులోంచి వేరుపడ్డదే. మా అంబాజీపేట కొబ్బరి పరిశోధన స్థానం సిబ్బంది బోర్డు మారినా అదే పని చేసుకుంటూ పోయారు. వాళ్ళనూ కలుపుకోండి.

నేను కోనసీమ ఆడకూతుర్ని, మావారు పోయాక తోట, చేను నేనే చూసుకుంటున్నాను. రెండు సంగతులు చెప్తాను.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మా తోటను పడుకోబెట్టేసింది. తెల్లారి చూస్తే ఆకాశం కనిపించింది. మా తోటలో అంత ఆకాశం నేనెప్పుడూ చూడలేదు. నాలుగో రోజో అయిదో రోజో ఇద్దరు వచ్చారు, ఒకాయన సారు, ఇంకొకాయన ఆయన వెంట వచ్చే ఫీల్డ్ అసిస్టెంటు. దారికడ్డంగా పడిన చెట్లు దాటుకుంటూ నడిచే వచ్చారు. సారు నష్టం రాసుకున్నారు. ఆ అసిస్టెంటు గారు మాత్రం నిలబడి ఉన్న ప్రతి చెట్టు దగ్గరికీ వెళ్ళి, మొవ్వు చూసి, "ఇది బతుకుతుందమ్మా, కొట్టించకండి. ఇదీ బతుకుతుంది" అని ఒక్కోదానికీ సున్నంతో బొట్టు పెట్టుకుంటూ పోయారు. అప్పటికి మేం అన్నీ కొట్టేద్దామనుకున్నాం. ఆ బొట్టు పెట్టిన చెట్ల కాయే తరవాత మా పిల్లల చదువులకు ఫీజు కట్టింది.

రెండోది వరి సంగతి. కోతల వేళ వాన పట్టి చేను పడిపోయింది, కంకి నీళ్ళలో ఉంది, ఇంకో రెండు రోజులైతే మొలకే. ఫోన్ చేస్తే ఒక మేడం గారు ఎత్తారు. "లీటరు నీళ్ళకి యాభై గ్రాముల కళ్ళుప్పు కలిపి కంకులు తడిసేలా కొట్టించండి. ముందు నీళ్ళు బయటికి తీయండి, బాటలు తీసి" అన్నారు. ఉప్పు బస్తా ఇంట్లోనే ఉంది. ఆ పూటే కొట్టించాం. మొలక ఆగింది. మందుల కొట్టుకెళ్ళి ఉంటే ఏం అంటగట్టేవారో. ఆ మేడం గారి ముఖం ఈనాటికీ చూడలేదు. ఆవిడ రిటైరయ్యారని ఈమధ్య తెలిసింది. నేను సభకు వచ్చేది ఆవిడ్ని చూడటానికే.

దూరపు చుట్టం (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

నేను హైదరాబాదులో ఉంటాను, బాపట్ల పూర్వ విద్యార్థినే. ఒక మాట, తప్పుగా అనుకోకండి. శాలువా, పూలదండ, మెమెంటో, ఫోటో. ఈ తంతు ఎందుకు? ఏ ఇంట్లో చూసినా బీరువా నిండా శాలువాలే. ఆ డబ్బుతో పేద పిల్లలకు స్కాలర్‌షిప్ పెడితే మేలు కదా. మాస్టార్లకు కూడా అదే ఇష్టంగా ఉంటుంది.

గట్టు మీద పిల్ల (ఆదివారం, మధ్యాహ్నం 3:45)

దూరపు చుట్టం గారూ, మీ మాటలో తప్పు లేదు. కానీ మా ఇంట్లో బీరువా నిండా శాలువాలు లేవండి. ఒక్కటీ లేదు.

మా నాన్న ఒక పరిశోధన స్థానంలో ఫీల్డ్‌లో చేశారు. ఏ స్టేషనో చెప్పను. పద్దెనిమిదేళ్ళు రోజుకూలీ, ఆ తరవాత టైమ్ స్కేలు, ఆ తరవాత పర్మినెంటు. మొత్తం ముప్పై ఆరేళ్ళు. పైన ఒకరు కంకి గురించి రాశారు కదా, అది చదివి మా అమ్మకి వినిపించాను. నాన్న చేసింది అదే పని. నాన్న ఇంటికొచ్చేసరికి చొక్కా జేబులో ఎప్పుడూ రెండు ఉండేవి, ఒక పట్టకారు, ఒక పెన్సిలు ముక్క. మేం ఆడుకోవడానికి తీస్తే ఊరుకునేవారు కాదు. బియ్యం కొలిచే గిద్దె కంటే దానికి ఎక్కువ మర్యాద మా ఇంట్లో.

ఆయన చేతుల మీదుగా మొదలైన రకాల్లో ఒకటి విడుదలైన రోజు స్టేషన్‌లో సభ జరిగింది. నేను ఏడో తరగతి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను వెంట తీసుకెళ్ళారు. స్టేజీ మీద అందరికీ దండలు వేశారు. నాన్న టెంటు గుంజ పక్కన నిలబడ్డారు. నేను "నిన్నెప్పుడు పిలుస్తారు నాన్నా?" అని అడిగాను. "కుర్చీలు మనమే వేశాం కదమ్మా" అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. ఆయన దగ్గర పని చేయించుకున్న సారు చాలా మంచివారు, మా అక్క పెళ్ళికి వచ్చి భోంచేసి వెళ్ళారు. అయినా ముప్పై ఆరేళ్ళలో ఆ ఆఫీసు గదిలో నాన్న కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. రిటైరయ్యాక పింఛను కాగితాలకు ఒక ఆఫీసు చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగారు. మొదటి సగం సర్వీసు లెక్కలోకి రాదన్నారు. మస్టర్ రోలులో, అంటే కూలీల హాజరు పట్టీలో, వేసిన వేలిముద్రలు, సంతకాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదన్నారు.

స్కాలర్‌షిప్ పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ శాలువా వద్దనకండి. మా నాన్నకి ఒక్కసారి కప్పండి. స్టేజీ మీద, కుర్చీలో కూర్చోబెట్టి.

దూరపు చుట్టం (ఆదివారం, సాయంత్రం 4:20)

అమ్మా, క్షమించు. నేను రాసింది నాకు తెలిసిన ఇళ్ళను చూసి రాశాను. శాలువాలన్నీ నేను కొంటాను. నేతవి, మంచివి. ప్రొఫెసరుకీ ఫీల్డ్‌మన్‌కీ ఒకే రకం. ఎంతమందైనా సరే.

పాత బెంచి (ఆదివారం, రాత్రి 8:50)

నేను మీ జాబితాలో ఉన్నానో లేదో తెలియదు. కీటకశాస్త్రం చెప్పాను, రిటైరై చాలా ఏళ్ళయింది. కళ్ళు సరిగా కనబడవు, మా మనవడు టైపు చేస్తున్నాడు.

గట్టు మీద పిల్లా, నీ ఉత్తరం మనవడి చేత రెండుసార్లు చదివించుకున్నాను. నేను స్టేజీ మీద చాలాసార్లు కూర్చున్నాను. గుంజ పక్కన ఎవరు నిలబడ్డారో చూసిన గుర్తు లేదు. ఈ వయసులో అది మనసుకు తగులుతోంది.

మా డిపార్టుమెంటులో ఇద్దరి గురించి చెబుతాను. ఒకరు మ్యూజియం చూసుకున్న అటెండర్. పురుగుల పెట్టెలు మీరంతా చూసే ఉంటారు, అద్దం కింద సూదులు గుచ్చి వరసగా. వానాకాలం తేమకు వాటికి బూజు పడుతుంది, చీమలు దూరతాయి. ఒక్క వారం అశ్రద్ధ చేస్తే ముప్పై ఏళ్ళ సేకరణ పొడై రాలుతుంది. ఆయన సెలవు పెట్టిన రోజు కూడా సాయంత్రం ఒకసారి వచ్చి నాఫ్తలీన్ ఉండలు చూసి వెళ్ళేవారు. నా ప్రాక్టికల్ క్లాసుంటే తెల్లవారకుండానే చేలో దిగి, సుడిదోమ ఉన్న దుబ్బును మట్టితో సహా పెకలించి, బకెట్లో పెట్టి, దోమతెర గుడ్డ కప్పి తెచ్చేవారు. పిల్లలు ప్రాణమున్న పురుగును చూశారు. చచ్చిన పురుగును చూపించి చెప్పిన పాఠం పిల్లలకు నిలవదు, ఇది నా అనుభవం.

రెండో మనిషి టైపిస్టు. ఆవిడ చదివింది పదో తరగతి. మా పిల్లల థీసిస్‌లన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాయి. ఆ రోజుల్లో కంప్యూటరు లేదు. శాస్త్రీయ నామం వచ్చిన ప్రతిచోటా కింద గీత ఉండాలి. సుడిదోమకైతే నిలపర్వత ల్యూజెన్స్ అని కొట్టి, మిషను అంత దూరమూ వెనక్కి జరుపుకుని, అక్షరం అక్షరం కింద గీత కొట్టాలి. ఒక థీసిస్‌లో ఆ పేరు వందల చోట్ల వస్తుంది. కింద నాలుగు కార్బన్ కాపీలు. ఒక తప్పు పడితే అయిదు కాగితాలూ దిద్దాలి. ఒకసారి నేను రాసిచ్చిన ప్రతిలో నేనే ఒక పురుగు పేరు తప్పు రాశాను. "సార్, మొన్న కొట్టినదాంట్లో ఇక్కడ రెండు ఎల్‌లు ఉన్నాయి" అని చూపించారు. ఆ పిల్లాడి డిగ్రీ ఆవిడ వల్ల గట్టెక్కింది. థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతలు చెప్పేటప్పుడు నాకు అరపేజీ రాశాడు, ఆవిడ పేరు రాయలేదు. నేను చదివి సంతకం పెట్టాను. రాయించాల్సింది నేనే.

నన్ను పిలిస్తే వస్తాను. ఒక షరతు. వాళ్ళిద్దరూ నా పక్క కుర్చీల్లో ఉండాలి. ఆవిడ గుంటూరు వైపు ఉన్నారని తెలుసు, వివరాలు విడిగా పంపిస్తాను. అటెండర్ గారు ఎక్కడున్నారో మీరే కనుక్కోవాలి.

వరికంకి (ఆదివారం, రాత్రి 9:15)

మాస్టారూ, మీరు జాబితాలో రెండో పేరు. మీరు తప్పు రాసిన థీసిస్ నాది కాదు గానీ, కృతజ్ఞతల పేజీలో టైపిస్టు గారి పేరు రాయని తప్పు నాది కూడా. వెతుకుతాం.

సార్వా సాగు (సోమవారం, ఉదయం 6:05)

తేదీ మాటేంటి? డిసెంబరు 3 వ్యవసాయ విద్యా దినోత్సవం. రాజేంద్రప్రసాద్ గారి పుట్టినరోజు. ఆ రోజు పెడితే అర్థవంతంగా ఉంటుంది.

మార్టేరు కాలువ (సోమవారం, ఉదయం 6:30)

డిసెంబరు మొదట్లో మేం కోతల్లో, నూర్పుల్లో ఉంటామండి. ఒకవైపు మబ్బు చూసుకుంటూ టెన్షన్ పడుతుంటాం, సభకు ఎవరొస్తారు? నవంబరు 7, మన విశ్వవిద్యాలయానికి పేరున్న రంగా గారి జయంతి అన్నా అదే ఇబ్బంది. సంక్రాంతే మేలు. ఎక్కడున్న పిల్లలైనా ఇంటికి చేరతారు.

సార్వా సాగు (సోమవారం, ఉదయం 6:42)

అయితే కనుమ. పశువులకీ, పాలేళ్ళకీ మర్యాద చేసే రోజు. పనిచేసిన చేతికి దండం పెట్టే పండగ, ఇంతకంటే తగిన రోజు ఉందా?

కొబ్బరి లంక (సోమవారం, ఉదయం 7:10)

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు నాయనా, ముసలివాళ్ళను ప్రయాణం చేయిస్తారా? ఇంట్లోవాళ్ళే పంపరు. ముక్కనుమ పెట్టండి. మధ్యాహ్నం భోజనంలో మాంసం వండించొచ్చు, తినేవాళ్ళకి అదీ, తిననివాళ్ళకి పులిహోర, ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు వేరే. దాళ్వా (రబీ) నాట్లు ఒక్కరోజు ఆగితే ఏం కాదు.

హాస్టల్ గంట (సోమవారం, ఉదయం 10:20)

భోజనం మాట వచ్చింది కాబట్టి మా మెస్ పెద్ద వంటాయన గురించి. పొద్దున్న ఆరింటికి ఫీల్డు ప్రాక్టికల్ ఉండేది. నేను అయిదెకరాల పొలం ఉన్న ఇంటి నుంచి వచ్చినా నాకు దుక్కి దున్నడం రాదు. మొదటి వారం చేతులు బొబ్బలెక్కి అన్నం కలుపుకోలేకపోయాను. ఆయన చూసి, ఏమీ అడక్కుండా, నా కంచంలో అన్నం ఆయనే కలిపి స్పూను పెట్టి ఇచ్చారు. వారం రోజులు. వేరే పిల్లలు నవ్వితే, "రేపు మీ వంతు" అన్నారు. మా అమ్మానాన్నల కాళ్ళకి ఎలా దండం పెడతానో ఆయనకీ అలాగే పెడతాను. ఆయన లేరు, పోయి ఆరేళ్ళయింది. వాళ్ళబ్బాయి పాలకొల్లులో ఉన్నాడు. పోయినవాళ్ళ కుటుంబాలను పిలవడానికి వీలుంటుందా?

విత్తనం డబ్బా (సోమవారం, మధ్యాహ్నం 12:40)

వీలుండాలి. నేను విత్తనంలో కల్తీ లేకుండా చూసే పనిలో ఉన్నాను, అందుకని ఒక సలహా ఇస్తాను. శాలువా కప్పి పంపేయకండి. వాళ్ళకు తెలిసింది రాసుకోండి, వీలైతే వీడియో తీయండి. ఇప్పుడు తీయకపోతే ఇక ఉండదు.

ఉదాహరణకు కేళీలు ఏరడం. విత్తనపు చేలో వేరే రకం మొక్క కలిస్తే ఏరిపారేయాలి, లేకపోతే విత్తనం పనికిరాదు. ఎత్తు, ఆకు రంగు, పూత తేదీ, గింజకు మీసం ఉందా లేదా అని పుస్తకంలో పట్టిక ఉంటుంది. నేను పట్టిక పట్టుకుని ఎకరం నడిచేలోపు మా పాత ఫీల్డ్‌మన్ గట్టు మీద నిలబడే ఏడు మొక్కలు చూపించారు. "ఎలా తెలిసింది?" అంటే "ఎండ వాలేటప్పుడు చూడండి సార్, పడమర నుంచి. పరాయి ఆకు వేరేగా మెరుస్తుంది" అన్నారు. నేను ఏ పుస్తకంలోనూ ఈ మాట చదవలేదు. చేసి చూశాను, నిజమే.

2009లో వచ్చిన స్వర్ణ సబ్1 రెండు వారాల ముంపుకు తట్టుకుంటుంది. అది ఎక్కడో పెద్ద ల్యాబుల్లో జన్యువు గుర్తించి చేసిన పని. కానీ ఆ జన్యువు పెట్టడానికి తల్లిగా ఎంచుకున్నది స్వర్ణనే. ఆ తల్లి రకాన్ని ఏటా కల్తీ లేకుండా కాపాడిన చూపు ఎవరిదో మనం అడగాలి. ఏ మడి ముందు మునుగుతుంది, ఏ మూల చౌడు ఉంది, ఏ ఏడు ఏ తెగులు ఎక్కడ మొదలైంది, అన్నీ వాళ్ళ తలలో ఉన్నాయి.

చిన్న ఏఈఓ (సోమవారం, మధ్యాహ్నం 1:05)

రికార్డింగ్ మేం చేస్తాం. మా బ్యాచ్‌లో అయిదుగురం గోదావరి జిల్లాల్లోనే పోస్టింగుల్లో ఉన్నాం. ఫోన్లు మంచివే ఉన్నాయి, చిన్న మైకు ఒకటి కొంటాం. ఆదివారాలు ఇళ్ళకే వెళ్ళి తీస్తాం. సభ రోజు హడావిడిలో వాళ్ళు మనసు విప్పి మాట్లాడలేరు.

వరికంకి (బుధవారం, రాత్రి 9:30)

మూడు రోజులుగా ఫోన్లు చేస్తూ ఉన్నాను, అందుకే ఆలస్యం. ఇప్పటికి తేలినవి చెబుతాను.

ముక్కనుమ రోజు, తణుకులో, పొద్దున్న పదింటికి. స్టేజీ ఎత్తుగా ఉండదు, మెట్లెక్కలేని పెద్దవాళ్ళు ఎక్కువ. ఒకే వరసలో ఒకే రకం కుర్చీలు. పిలిచే వరస హోదా ప్రకారం కాదు, సర్వీసులో చేరిన సంవత్సరం ప్రకారం. ఈ లెక్కన మొదట వచ్చేది ఒక వాచ్‌మన్ గారి పేరు, ఆయనకు ఎనభై ఏడేళ్ళు. ప్రతి ఒక్కరి గురించి వాళ్ళు చేసిన పని ఏమిటో రెండు నిమిషాలు చెప్పాలి. "విశిష్ట సేవలు" లాంటి మాటలు వద్దు, పని పేరు చెప్పాలి. ప్రసంగాలు లేవు. దూరపు చుట్టం గారు నలభై శాలువాలకు ఆర్డరిచ్చారు. పోయినవాళ్ళ కుటుంబాలకూ పిలుపు వెళుతుంది, హాస్టల్ గంట గారూ, పాలకొల్లు అబ్బాయితో మాట్లాడాను. పింఛను కాగితాలు ఆగిపోయినవాళ్ళ కోసం, రిటైరైన ఒక అకౌంట్స్ ఆఫీసరు గారు ఒక బల్ల వేసుకుని కూర్చుంటానన్నారు. ఎవరికైనా పెండింగు ఉంటే కాగితాల జిరాక్సులు తెచ్చుకోమనండి.

పాత బెంచి మాస్టారూ, మ్యూజియం అటెండర్ గారు దొరికారు. రేపల్లెలో కూతురి దగ్గర ఉన్నారు. మీ పేరు చెప్పగానే "సారుకు నాఫ్తలీన్ వాసన పడదు, ఎప్పుడూ తుమ్మేవారు, ఇప్పుడెలా ఉన్నారు?" అని అడిగారు.

మా మట్టి ల్యాబ్ బాబాయి పేరు కూడా తెలిసింది. పాత జీతాల రిజిస్టరులో మా సీనియర్ ఒకాయన వెతికి పెట్టారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. వాళ్ళావిడ ఉన్నారు. ఆదివారం నేనే వెళ్ళి పిలిచి వస్తాను.

పాత బెంచి (బుధవారం, రాత్రి 9:55)

ఇప్పటికీ తుమ్ముతానని చెప్పండి.

గట్టు మీద పిల్ల (గురువారం, ఉదయం 7:00)

వరికంకి గారూ, నాన్నకు నిన్న రాత్రి అంతా చదివి వినిపించాను. మొదట "నాకెందుకమ్మా, మోకాళ్ళు బాలేవు" అన్నారు. మెట్లు లేవని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరవాత అమ్మను ట్రంకు పెట్టె తీయమన్నారు. పట్టకారు ఇంకా ఉంది, నూనె గుడ్డలో చుట్టి పెట్టుకున్నారు. మొనలు కలుస్తున్నాయో లేదో దీపం దగ్గర పెట్టి చూసుకున్నారు.

ఏఈఓ పిల్లలు వీడియో తీయడానికి వచ్చే ఆదివారం వస్తామన్నారు. నాన్న అడగమన్న సంగతి ఒకటుంది. ఉత్తినే మాట్లాడితే ఎవరికీ తెలియదట, చేసి చూపిస్తే తెలుస్తుందట. ఈ కాలంలో పొట్టలోంచి బయటికొస్తున్న కంకి ఎక్కడైనా దొరుకుతుందా?

మార్టేరు కాలువ (గురువారం, ఉదయం 7:12)

మా చేలో ఆలస్యంగా నాటిన మడి ఒకటుందమ్మా, ఈనిక మీద ఉంది. శనివారం సాయంత్రం దుబ్బు మట్టితో సహా బకెట్లో పెట్టి నేనే తెస్తాను. మీ ఊరు పెనుగొండ ఇవతలా, అవతలా? దారి విడిగా చెప్పు.